నెత్తురు చుక్క పడకుండా

మా అల్లుడు కాకినాడ నుంచి వస్తూ కొత్తరకం గడ్డం కత్తి ఒకటి తెచ్చుకున్నాడు. ఈ కాలపు కుర్రాళ్ళు వాడే రెండంచుల బ్లేడు కాదది. ఒకటే అంచు. చిన్న రేకు డబ్బీలో బ్లేళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. ఆ డబ్బీ మూతిని కత్తి మెడకు ఆనించి మీట నెడితే పాత బ్లేడు ఇటు రాలిపోతుంది, కొత్తది అటునుంచి వచ్చి కూర్చుంటుంది. వేలితో ముట్టుకోవాల్సిన పనే లేదు. మామగారినని నాకు చూపించాలని ముచ్చటపడి ఊరికే రెండు మూడు బ్లేళ్ళు నెట్టి పారేశాడు. ఆ తరవాత అద్దం ముందు కూర్చుని, గోడకి సున్నం కొట్టేవాడిలా ముఖం మీద బరబరా లాగాడు. చెంప మీద, గొంతు దగ్గర తెగింది. దూది అద్దుకుని నవ్వుతూ కాఫీ తాగాడు. నాకు మాత్రం కాఫీ సహించలేదు. గడ్డం గీసుకుంటూ తెగిన ముఖం చూస్తే ఈ వయసులో కూడా నేను ముఖం తిప్పేసుకుంటాను. అది లెక్కల మేష్టారు నాకు అంటించిపోయిన జబ్బు.

ఆయన పేరు రాయను. తన గురించి పదిమంది చెప్పుకోవడం ఆయనకి గిట్టేది కాదు. మండపేటకి కాస్త దూరంలో కాలవగట్టు మీద ఒక మిషను బడి ఉండేది, ఇప్పుడు లేదు. పందొమ్మిదో శతాబ్దం ఆఖరి రోజుల్లో అక్కడ ఆయన లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఆయనది క్రైస్తవం పుచ్చుకున్న, ఊరవతలి పేట కుటుంబం. తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరు. నాది దీక్షలూ, తద్దినాలూ పట్టించుకునే ఇల్లు. ఆయనతో కలిసి కాలవ మెట్ల మీద కూర్చుంటానని మా అమ్మ నన్ను చివాట్లు పెట్టేది. నేను వినేవాణ్ణి కాదు.

ఏ మాట చెప్పినా "సరిచూశారా?" అని అడగడం ఆయన అలవాటు. ఏ లెక్కనైనా రెండు దారుల్లో చేసి, రెండిట్లోనూ ఒకటే జవాబు వస్తేనే నమ్మేవారు. ఆ అలవాటు బడిలోనే వదిలేసి వస్తే బాగుండేది. రామచంద్రపురంలో వానపడిందట మేష్టారూ అంటే, "సరిచూశారా?" అనేవారు. ఎందుకండీ మీకు, తడిసొచ్చినవాడు చెబితే చాలదా అని నేను కోప్పడేవాణ్ణి. పిల్లలు ఆయన్ని అనుకరిస్తూ, సద్దిగిన్నె ముందు పెట్టుకుని, ఇందులో అన్నమే ఉందని సరిచూశారా అని ఒకర్నొకరు వేళాకోళం చేసుకునేవారు. ఆయన విని నవ్వి, "మంచి అలవాటే, మూత తీసి చూసుకో" అని వెళ్ళిపోయేవారు. అలాంటి మనిషి, సరిచూసే వీలే లేని ఒక లెక్కలో పడ్డారు.

కడుపుతో ఉన్న ఇల్లాలి మొగుడు గడ్డానికి కత్తి తగిలించకూడదని మా గోదావరి జిల్లాల్లో ఒక పట్టింపు. మిగతా ఆచారాల్లో ఎవరి దారి వారిదైనా ఇదొక్కటి మాత్రం అన్ని ఇళ్ళల్లోనూ ఉండేది. క్రైస్తవుల ఇళ్ళల్లో కూడా ముసలివాళ్ళు చాటుగా పాటించేవారు. మేష్టారు దాన్ని లక్ష్యపెట్టలేదు. ఆయన భార్య మార్తమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ పురిటిలోనే పోయారు. అత్తగారు ఏడుస్తూ ఏడుస్తూ, "మూడుసార్లు గీయించుకున్నారు బాబూ, మూడుసార్లు పూడ్చుకొచ్చాం" అంది. మార్తమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. నాలుగోసారి నెల తప్పినప్పుడు మాత్రం ఆయన చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుని, "ఈ ఒక్కసారికి ఉంచండి" అని అడిగింది. ఆయన సరేనన్నారు.

"మీరు నమ్ముతారా మేష్టారూ?" అని నేను అడిగాను.

"నమ్మడం లేదు. కానీ సరిచూద్దామంటే వీల్లేదు. ఇంకో దారిలో చేసి చూడాలంటే ఇంకో బిడ్డని పోగొట్టుకోవాలి" అన్నారు ఆయన.

గడ్డం పెరిగింది. ఏడో నెల రాగానే మార్తమ్మ రావులపాలెం ఎదురుగా గోదావరి లంకలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆ గడ్డాన్ని చేత్తో నిమిరి మరీ వెళ్ళిందని ఆయనే సిగ్గుపడుతూ చెప్పారు. ఆ వారమే మిషను పాదిరీ దొరగారు మా బడి చూడడానికి వచ్చారు.

దొరగారికి గుండెల దాకా వేలాడే తెల్లటి గడ్డం. పిల్లలు ఆయన్ని చూడగానే మోషే వచ్చాడనుకునేవారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని మేష్టారిని పిలిపించారు. ఎవరు మోశారో గాని సంగతంతా అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఉపాధ్యాయుడా, ఈ గడ్డము ఎందు నిమిత్తము?" అన్నారు.

నాకు నోటిదురద ఎక్కువ. "తమరికీ ఉంది కదండీ దొరగారూ" అన్నాను.

దొరగారు కోప్పడలేదు. "నా గడ్డము గడ్డమే. ఇతని గడ్డము అంధకారము" అన్నారు. ఆదివారం ఆరాధనకి నున్నటి ముఖంతో రాకపోతే సోమవారం బడికి రానక్కర లేదని చెప్పారు. తప్పించుకోవాలని మేష్టారు, "మమ్మల్ని మంగలి ముట్టుకోడండి" అన్నారు. అది నిజమే. పేటవాళ్ళ గడ్డం గీస్తే మిగతా ఊరు ఆ మంగలిని గడప తొక్కనివ్వదు. పేటలో ఒకరికొకరు ఏ చాకుతోనో గీసుకోవాల్సిందే. దొరగారు లేచి పెట్టె తెరిచి, చిన్న డబ్బా ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "ఇక నీకు మంగలి అక్కర లేదు" అన్నారు. ఉపకారం చేశానన్న సంతోషం ఆ ముఖంలో నిజంగానే ఉంది. దొరగారు దుర్మార్గుడైతే మా పని తేలికయ్యేది.

ఉద్యోగం పోతే జీతంతో పాటు ఇల్లూ పోతుంది. ఇల్లు మిషనుది. మార్తమ్మ పసిబిడ్డని ఎత్తుకుని తిరిగివచ్చేసరికి తలదాచుకోవడానికి కప్పు ఉండదు. ఆయన వెళ్ళి తండ్రి నిలబడిన పొలంలోనే పాలేరుగా నిలబడాలి. ఉంచితే ఇల్లు పోతుంది, తీస్తే బిడ్డ. ఆ సాయంత్రం కాలవ మెట్ల మీద ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకు దుఃఖం వచ్చింది.

ఆయన డబ్బా మూత గోరుతో గీకుతూ నాతో అన్నారు. "మా అత్తగారు ఏమంటుందంటే మేష్టారూ, తండ్రి నెత్తురు చిందితే కడుపులో బిడ్డకి తగులుతుందట. అంటే దోషం కత్తిది కాదు, నెత్తురుది. నెత్తురు చుక్క పడకుండా గీసుకుంటే?"

నేను తల ఊపాను. ఊపక ఏం చెయ్యను?

"పురుడు అయ్యాక ఎలాగూ తీసేయాల్సిందే. అప్పుడే తీశాననుకుంటుంది. ఈ రెండు నెలలూ దాని కంట పడకపోతే చాలు" అని ఆయనే మళ్ళీ అన్నారు. చెప్పిన తరవాత నావంక చూశారు. సరిచూశారా అని ఈసారి నేను అడగలేదు.

ఆ డబ్బాలో కత్తి చూడ్డానికి బొమ్మ పారలా ఉంది. పొడుగు కర్ర, దాని చివర అడ్డంగా చిన్న చట్రం, చట్రానికి దువ్వెన పళ్ళు, ఆ పళ్ళ వెనక వేలెడు పొడుగు ఉక్కురేకు, అలుగు, ఒక్కటి. మంగలికత్తిలా గొంతు దాకా దిగిపోకుండా ఆ పళ్ళు అడ్డం. తెగదని దొరగారు చెప్పారట. తెగుతుంది. మొదటిరోజే దవడ కింద తెగింది.

అద్దం పట్టుకునే పని నాది. మా నాన్నగారు పోయి అప్పటికి కొద్ది నెలలు. సంవత్సరీకం దాకా దీక్ష, గడ్డం తియ్యకూడదు. అలా గడ్డం పెంచిన నేను అద్దం పట్టుకుంటే, గడ్డం పెంచాల్సిన ఆయన గీసుకునేవారు. దవడ కింద ఎర్రగా కనబడగానే ఆయన కత్తి కింద పెట్టేసి, గాటు మీద వేలు నొక్కి పట్టి, కదలకుండా కూర్చుండిపోయారు. "తగిలి ఉంటుందంటారా?" అని అడిగారు. ఆ రోజు అన్నం తినలేదు. లంక నుంచి అరటిగెలలు తెచ్చే పడవలో ఎవరైనా వస్తే మార్తమ్మ కులాసాగా ఉందో లేదో అడిగి చెప్పమని నన్ను రేవుకి పంపించారు. కులాసాగానే ఉందన్నారు. అప్పుడు గాని ఆ వేలు గాటు మీద నుంచి తియ్యలేదు.

వారానికోసారి గీసుకుంటే చాలదా అన్నాను. చాలదన్నారు. పెరిగిన గడ్డం కత్తిని పట్టి లాగుతుందట, అప్పుడే తెగుతుందట. అందుకని రోజూ తెల్లవారగానే కాలవ దగ్గరికి వచ్చేవారు. నేను తిట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి. కుంకుడు రసం చిలికి నురగ తీసేవారు. అది కళ్ళలో పడి మండుతున్నా రెప్ప ఆర్పేవారు కాదు. వేన్నీళ్ళలో ముంచిన గుడ్డ చెంపలకి కట్టుకుని, వెంట్రుక మెత్తబడేదాకా కూర్చునేవారు. కళ్ళు మూసుకుని వేళ్ళతో ముఖమంతా తడిమి, ఏ వెంట్రుక ఎటు పడుకుందో చూసుకునేవారు. "గొంతు దగ్గర ఎడం పక్క సుడి ఉంది మేష్టారూ, అక్కడ అడ్డంగా పోవాలి" అని నాకు చెప్పేవారు. నాకెందుకో ఆ సంగతి. బండెద్దు మెడకి కట్టే పాత పట్టెడ తోలు సంపాదించి, గీసుకునే ముందు ఆ అలుగుని దానిమీద అటూ ఇటూ ఓపిగ్గా నూరేవారు.

"నొక్కేది భయం మేష్టారూ, చెయ్యి కాదు. బరువు కత్తికే ఉంది, మనం పెట్టక్కర లేదు" అనేవారు. "చప్పుడు వినండి. గరగరమంటే కత్తి నిటారుగా ఉన్నట్టు. పడుకోబెట్టాలి. అసలు వినపడకపోతే మరీ పడుకున్నట్టు." చర్మాన్ని ఎడంచేత్తో బిగలాగి, జానెడు కాదు, బెత్తెడు కాదు, గోరంత మేర గీసి ఆగేవారు. మళ్ళీ గోరంత. ఆ కాసేపూ ఆయన ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. అయిపోయాక తెల్లగుడ్డ ముఖానికి అద్దుకుని, ఎండలోకి పట్టి, మూల మూలా వెతికేవారు. ఏమీ కనబడకపోతే గుడ్డ నా చేతికిచ్చి, నన్నూ చూడమనేవారు. అది ఆయన రెండో దారి.

మొదట్లో రెండు రోజులకో మరక ఉండేది. ఆ రోజుల్లో ఆయన బడిలో ఉన్నా లేనట్టే. నల్లబల్ల మీద లెక్క సగంలో వదిలేసి రేవు వంక చూస్తూ నిలబడేవారు. తరవాత తరవాత మరకలు తగ్గాయి. ఆఖరికి అసలు లేకుండా పోయాయి. అప్పటినుంచి గుడ్డ చూసుకుని కాలవలో జాడించేటప్పుడు ఆయన ముఖంలో కనబడిన నిబ్బరం, పాపం, నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. బిడ్డ ఇవాళ్టికి బతికినట్టు. ఆయన లెక్క అంతే.

దొరగారు ఆదివారం గుడిలో ఆయన చెంప తట్టి, "నీవు విడుదల పొందితివి" అన్నారట. సంతరోజున మాత్రం లంకవాళ్ళు వస్తారని, తలగుడ్డ చెవుల మీదుగా తెచ్చి దవడ కింద బిగించి కట్టుకునేవారు. ఎవరైనా అడిగితే పంటినొప్పి అనేవారు. ఏ పన్నో అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చూపించేవారు. అబద్ధం సరిచూసుకోవడం ఆయనకి చేతకాలేదు.

గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, బడి వదిలే వేళకి లంక పడవవాడు తడుస్తూ వచ్చాడు. "నిన్నట్నించీ నొప్పులు పడతన్నారండి. మంత్రసాని ఏం చెప్పలేకపోతంది. ఒక్కపాలి మిమ్మల్ని చూడాలంటన్నారండి" అన్నాడు.

మేష్టారు చెయ్యెత్తి చెంప తడుముకున్నారు. ఆ ఉదయం గీసుకున్న చెంప.

ఇద్దరం బయల్దేరాం. ఆయన దారిలోనే తలగుడ్డ బిగించి కట్టుకున్నారు. పడవలో నాకెదురుగా కూర్చుని, గుడ్డ కింద వేళ్ళు దూర్చి చెంపలు రుద్దుకుంటూ ఉన్నారు. వరద హోరులో సరిగ్గా వినపడక నేను ముందుకి వంగాను.

"ఒక్కరోజులో ఎంత పెరుగుతుంది మేష్టారూ?" అని అడుగుతున్నారు.

ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెప్పిన మనిషి నన్ను అడుగుతున్నారు. నేను డొప్పతో పడవలో చేరిన నీళ్ళు తోడాను.

అది చిన్న తాటాకిల్లు. పురిటి గదికీ, మేము నిలబడ్డ పంచకీ మధ్య తాటాకు తడిక అడ్డం. లోపలినుంచి మూలుగు వినపడుతోంది. అత్తగారు బయటికి వచ్చి, నన్ను చూసి కొంగు సర్దుకుని, "మిమ్మల్ని ముట్టుకుంటానంటోంది బాబూ. గడ్డం ముట్టుకుంటే ధైర్యం వస్తుందంట. లోపలికి రాకూడదు. తడిక సందులోంచి చెయ్యి పెడుతుంది. ఆ తలగుడ్డ తియ్యండి" అంది. అంతలో మంత్రసాని కేక వేస్తే లోపలికి పరిగెత్తింది.

తడిక కింది అంచు దగ్గర ఆకు చీలిన చోటునుంచి చెయ్యి బయటికి వచ్చింది. గాజులు తీసేసిన చెయ్యి. వేళ్ళు గాలిలో వెతుకుతున్నాయి.

"ఏవండీ, వచ్చారా?"

"వచ్చాను" అన్నారు మేష్టారు. అని నా భుజం పట్టుకుని కిందకి వంచారు. ఆ పట్టు నాకిప్పటికీ తెలుస్తూనే ఉంది. నా చెవిలో, "మీది ఇవ్వండి" అన్నారు.

నాకు అర్థమైంది. "ఇది మా నాన్న పోయిన గడ్డం అండీ" అన్నాను గొణుగుతూ. చావుకి పెంచిన గడ్డం పురిటిదానికి ఎలా ఇస్తాను? మైల సంగతి నాకు తట్టనే లేదు, అది తరవాత మా అమ్మకి తట్టింది. నాకు తట్టింది ఆ బిడ్డ.

"గడ్డం గడ్డమే మేష్టారూ" అన్నారు ఆయన. దొరగారి మాట అది. ఆయనకి గుర్తుందో లేదో తెలియదు. కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ముఖం తడికకి ఆనించాను. చెయ్యి నా చెంప వెతుక్కుని, గడ్డంలోకి వేళ్ళు పోనిచ్చి, మెల్లిగా నిమిరింది. లోపల పెద్ద ఊపిరి విడిచిన చప్పుడైంది.

"ఉంచారు" అంది మార్తమ్మ.

"ఉంచాను" అన్నారు మేష్టారు, నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, తన మాట నా నోట్లోంచి వచ్చినట్టుండాలని నా తలకి తల ఆనించి.

నొప్పి వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు నా గడ్డాన్ని గుప్పిటపట్టి లాగాయి. ప్రాణం పోయినంత పనైంది. నేను కిక్కురుమనలేదు. అరిస్తే గొంతు నాదని తెలిసిపోతుంది. నేను అరవాల్సినప్పుడల్లా ఆయన అరిచారు. "నేనున్నాను, మార్తా, నేనున్నాను" అని. ఎంతసేపలా ఉన్నామో చెప్పలేను. వాన ఆగింది. చెయ్యి ఒక్కసారిగా వదిలేసింది. ఆ వెంటనే బిడ్డ ఏడుపు వినపడింది.

ఆడపిల్ల. బతికింది. ఇప్పుడు ఆ పిల్లకే పిల్లలున్నారు.

మేష్టారు తడికకి వీపు ఆనించి కూర్చుని, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉన్నారు. నా గడ్డం సర్ది, నా చెంప మీద వేళ్ళ గుర్తులు చూసి, క్షమించమన్నట్టు నమస్కారం పెట్టారు. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. అంత సంతోషం మా ఇద్దరికీ మళ్ళీ కలిసి రాలేదు. లోపల మంత్రసాని గుడ్డలు తెమ్మంటోంది. ఇంకా గుడ్డలు తెమ్మంటోంది. మొదట మాకు అది చెవికెక్కలేదు. అత్తగారు తెచ్చి బయట పడేసిన గుడ్డలు చూశాక నవ్వు ఆగిపోయింది. అంత నెత్తురు ఒక మనిషిలో ఉంటుందని నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా అత్తగారు తడిక పక్కకి జరిపింది. "ఇప్పుడు రావచ్చు బాబూ. పిలుస్తోంది" అంది. ఆ గొంతులో ఇంక ఏ పట్టింపూ లేదు.

మేష్టారు లేచి తలగుడ్డ విప్పేశారు. అత్తగారు ఆ నున్నటి ముఖం చూసింది. చూసి, ఏమీ అనకుండా దారి ఇచ్చింది. నేను పంచలోనే ఉండిపోయాను. తడిక పూర్తిగా మూసుకోలేదు. వాళ్ళ మాటలు వినకూడదని చెవులు మూసుకోవాలనుకున్నాను గాని మూసుకోలేదు.

ఆయన చాప మీద కూర్చున్న చప్పుడైంది. తరవాత మార్తమ్మ గొంతు, బాగా సన్నగా వచ్చింది.

"నున్నగా ఉంది."

తడిక సందులో ఆ చెయ్యి ఆయన చెంప మీద కనబడింది.

"ఎవరు గీశారండీ?"

"నేనే. రోజూ."

"ఎక్కడా తెగలేదే" అంది. ఇందాక తను పట్టుకున్న గడ్డం ఎవరిదో అడగలేదు. ఎందుకు తీశారనీ అడగలేదు. "ఇంత బాగా ఎలా వచ్చిందండీ మీకు?" అంది.

మేష్టారు చెప్పడం మొదలుపెట్టారు. ముందు వేన్నీళ్ళ గుడ్డ కట్టాలన్నారు. తొందరపడకూడదు, వెంట్రుక మెత్తబడాలి అన్నారు. కుంకుడు నురగ కళ్ళలో పడితే మండుతుంది గాని ఏం కాదన్నారు. తోలు మీద నూరడం చెప్పారు. నొక్కకూడదు మార్తా, బరువు కత్తికే ఉంది అన్నారు. చప్పుడు వినాలి అన్నారు. గోరంత గీసి ఆగాలి, మళ్ళీ గోరంత, నేను ఊపిరి కూడా తీసుకునేవాణ్ణి కాదు, చివర తెల్లగుడ్డ అద్దుకుని ఎండలో చూసుకునేవాణ్ణి, నెత్తురు చుక్క లేదు, ఒక్కటి కూడా లేదు, తెలుగు మేష్టారిని అడుగు, ఆయనా చూశారు అన్నారు.

ఊఁ అంటూ వింటున్న గొంతు ఎక్కడో ఆగిపోయింది. అత్తగారు గోడకి తల కొట్టుకోవడం వినపడింది. ఆయన మళ్ళీ మొదటికి వచ్చి, ముందు వేన్నీళ్ళ గుడ్డ కట్టాలి అంటున్నారు.